హిస్పానిక్ విద్యార్థుల ఉన్నత విద్యకు పాటుపడినవారిని సత్కరించేటప్పుడు దేన్ని కొలబద్దగా తీసుకోవాలి?

కృష్ణాతీరం (శాన్ ఆంటోనియో, టెక్సాస్):

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు సలహాలిచ్చే విభాగంలో పనిచేస్తున్నాను. ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకు జరిగే హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారి) వారసత్వ మాసంలో, ఉన్నత విద్యలో హిస్పానిక్ విద్యార్థుల ఎదుగుదలకు తోడ్పడిన ఒకరిని సన్మానించడం మా ప్రాంగణంలో ఆనవాయితీ. ఈసారి ఎంపిక సంఘంలో నన్నూ వేశారు. పాత జాబితా తిరగేస్తే, ఒక పెద్ద పదవిని తమ సముదాయం నుంచి మొదట అందుకున్నవారికే దాదాపు ప్రతిసారీ శాలువా కప్పినట్టు కనిపించింది. పదవి అందుకోవడం గొప్పే కాని, ఆ పదవిలో కూర్చుని చేసిన పని గురించి ప్రశంసాపత్రాల్లో రెండు వాక్యాలైనా లేకపోవడం నాకు లోటుగా తోచింది.

తెలియనివారి కోసం కొంత నేపథ్యం చెబుతాను. 1986లో ఇక్కడి శాన్ ఆంటోనియోలోనే 18 విద్యాసంస్థలు కలిసి, హిస్పానిక్ విద్యార్థులు ఎక్కువగా ఉండే కళాశాలలు, విశ్వవిద్యాలయాల కోసం 'హాకు' అనే సంఘంగా ఏర్పడ్డాయి. ఆ సంఘం పట్టుబట్టడం వల్లనే 1992లో అమెరికా కాంగ్రెస్ ఈ తరహా సంస్థలను చట్టంలో ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించింది. లాభాపేక్ష లేని సంస్థ అయి ఉండి, సగంకాలం చదివేవారిని పూర్తికాల లెక్కకు మార్చి చూసినప్పుడు డిగ్రీ స్థాయి విద్యార్థుల్లో కనీసం 25 శాతం మంది హిస్పానిక్‌లైతే ఆ గుర్తింపు వస్తుంది. ఇప్పుడు అలాంటివి సుమారు 600 ఉన్నాయి. దేశంలోని కళాశాలల్లో ఇవి ఐదో వంతే అయినా, హిస్పానిక్ డిగ్రీ విద్యార్థుల్లో 60 శాతానికి పైగా వీటిలోనే చదువుతున్నారు. అయినా 25 ఏళ్లు దాటిన హిస్పానిక్‌లలో బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవారు 20 శాతం దగ్గరే ఉండగా, శ్వేతజాతీయుల్లో ఆ సంఖ్య 40 శాతం దాటింది. ఈ అంతరాన్ని తగ్గించినవారెవరు, వారిని ఎలా గుర్తుపట్టాలి అన్నదే నా ప్రశ్న.

పాతపంతులు (గుంటూరు):

కృష్ణాతీరం గారూ, మొదటివారన్న అర్హతను మీరు మరీ తేలిగ్గా తీసేస్తున్నారనిపిస్తోంది. తోమాస్ రివేరా సంగతి చూడండి. 1935లో టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీలో, పంటల వెంట ఊళ్లు మారే వలస కూలీల ఇంట పుట్టారు. చిన్నతనంలో తల్లిదండ్రులతో పాటు అయోవా, మిన్నెసోటాల దాకా పొలం పనులకు వెళ్లేవారు. బడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1969లో ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు సాధించి, 1979లో రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఛాన్సలర్ (అక్కడ ప్రాంగణాన్ని నడిపే అధిపతి) అయ్యారు. ఆ విశ్వవిద్యాలయ వ్యవస్థలో అంతటి పదవికి చేరిన తొలి మెక్సికన్ అమెరికన్ ఆయనే. కూలి పిల్లల్లో ఒకడు ఆ కుర్చీలో కూర్చున్నాడన్న సంగతి తెలిసి ఎన్ని ఇళ్లలో పిల్లల చదువు ఆగకుండా సాగి ఉంటుందో ఏ పట్టికలోనూ దొరకదు. 1984లో 48 ఏళ్ల వయసులోనే ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ ప్రాంగణపు గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు. సన్మానమంటే నాకు అదీ. విద్యార్థి రోజూ తలుపు తోసుకుని లోపలికి వెళ్లే చోట ఆ పేరు ఉండాలి.

నలభైరెండోవీధి (జెర్సీ సిటీ):

పంతులు గారి మాట కాదనను కాని, విశ్వవిద్యాలయపు పెద్ద కుర్చీ ఎన్నడూ ఎక్కకుండానే వేలమందిని కళాశాల గడప దాటించినవారిని ఈ చర్చలోకి తేకపోతే బొమ్మ సగమే అవుతుంది. అంటోనియా పాంతోహా 1922లో ప్యూర్టో రికోలోని శాన్ హ్వాన్‌లో పుట్టారు. 1944లో న్యూయార్క్ చేరి కార్ఖానాలో వెల్డింగు పని చేశారు, ఆ తర్వాత హంటర్ కళాశాలలో పట్టభద్రురాలయ్యారు. 1961లో ఆమె స్థాపించిన 'ఆస్పీరా' సంస్థ ఉన్నత పాఠశాలల్లో విద్యార్థి సంఘాలు పెట్టించింది. ప్యూర్టో రికన్ పిల్లలను వృత్తి శిక్షణ వైపు తోసే అలవాటున్న ఊళ్లో, కళాశాలకు దరఖాస్తు ఎలా పెట్టాలో, ఫీజుకు డబ్బు ఎక్కడ దొరుకుతుందో ఆ సంఘాలు నేర్పాయి. అదే సంస్థ న్యూయార్క్ విద్యామండలిపై దావా వేసి, ఇంగ్లీషు రాని పిల్లలకు వారి భాషలో కూడా బోధించేలా 1974లో ఇరుపక్షాల ఒప్పుదలతో కోర్టు నుంచి అంగీకార ఉత్తర్వు సంపాదించింది. 1996లో ఆమెకు అమెరికా అత్యున్నత పౌర పురస్కారమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ దక్కింది.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో హోస్టోస్ కమ్యూనిటీ కళాశాలను (రెండేళ్ల పట్టాలిచ్చే ప్రభుత్వ కళాశాల) 1968లో ఏర్పాటు చేశారు. న్యూయార్క్ నగరం దివాలా అంచుకు చేరినప్పుడు, 1976లో దాన్ని మూసి మరో కళాశాలలో కలిపేయాలని పాలకమండలి నిర్ణయించింది. అప్పుడు విద్యార్థులు, అధ్యాపకులు, చుట్టుపక్కల నివాసులు భవనాన్ని ఆక్రమించి కూర్చున్నారు, వీధుల్లోకి వచ్చారు, చివరికి కళాశాలను నిలబెట్టుకున్నారు. తర్వాతి కాలంలో ఆ కళాశాలకు అధ్యక్షుడిగా పనిచేసిన ఫెలిక్స్ మాటోస్ రోడ్రిగెజ్ 2019లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయ వ్యవస్థ మొత్తానికి ఛాన్సలర్ అయిన తొలి లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారు. ఆయనను సత్కరించవచ్చు, తప్పులేదు. కాని 1976లో అక్కడ రాత్రిళ్లు కాపలా కాసినవారికి ఏ పతకమూ రాలేదు. మీ సంఘం నియమాల్లో ఒక సమూహాన్ని సన్మానించే వీలు ఉందా?

ఎడారిమల్లె (ఎల్ పాసో, టెక్సాస్):

నేను ఎల్ పాసోలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదివాను కాబట్టి పక్షపాతం ఉందనుకున్నా సరే, డయానా నటాలిసియో పేరు చెప్పకుండా ఉండలేను. ఆమె హిస్పానిక్ కారు. సెయింట్ లూయిస్‌లో పెరిగిన భాషాశాస్త్రవేత్త. 1988లో అధ్యక్షురాలై 2019 దాకా, అంటే 31 ఏళ్లు ఒకే కుర్చీలో ఉన్నారు. ఆమె వచ్చేనాటికి అక్కడ డాక్టరేటు ఇచ్చే శాఖ ఒక్కటే, భూగర్భశాస్త్రం. వెళ్లేనాటికి 20 దాటాయి. విద్యార్థుల్లో 80 శాతం హిస్పానిక్‌లు. సరిహద్దుకు అవతల మెక్సికోలో ఉన్న హ్వారెజ్ నగరం నుంచి రోజూ వంతెన దాటి వచ్చి చదువుకునేవారు కూడా వందల్లో ఉండేవారు.

ఆ రోజుల్లో ఒక విశ్వవిద్యాలయం పరిశోధనలో పైకి రావాలంటే ప్రవేశాలు బిగించాలని, బాగా చదివేవారిని మాత్రమే ఏరుకోవాలని అందరూ చెప్పేవారు. ఆమె ఆ దారిన పోలేదు. దరఖాస్తు పెట్టినవారిలో దాదాపు అందరినీ చేర్చుకుంటూనే, ప్రయోగశాలలకు సమాఖ్య ప్రభుత్వ నిధులు రాబట్టి, డిగ్రీ విద్యార్థులకే ఆ ప్రయోగశాలల్లో జీతమిచ్చి పని చూపించారు. పెట్రోలు బంకుల్లోనూ హోటళ్లలోనూ పనిచేసి అలసి తరగతికి వచ్చే పిల్లలకు ప్రాంగణంలోనే ఉద్యోగం దొరకడం ఎంత మార్పు తెస్తుందో కృష్ణాతీరం గారికి నేను చెప్పనక్కరలేదు. అమెరికా విశ్వవిద్యాలయాలను శ్రేణులుగా విభజించే కార్నెగీ వర్గీకరణ 2018 చివరలో వెలువడినప్పుడు, ఆ విశ్వవిద్యాలయం పరిశోధనలో అగ్రశ్రేణికి, అంటే ఆర్1కు చేరింది. తలుపులు బార్లా తెరిచి పెట్టి ఆ శ్రేణికి చేరినవి చాలా తక్కువ.

(సందర్భం కాకపోయినా ఒక ముచ్చట: ఆ ప్రాంగణంలోని భవనాలు 1917 నుంచి భూటాన్ శైలిలోనే కడుతున్నారు. మన దేశం నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థి హిమాలయాల్లో దిగానా అని కంగారు పడటం మామూలే.)

పాతపంతులు:

ఎడారిమల్లె గారూ, ఆమె సేవను తక్కువ చేయను. కాని హిస్పానిక్ వారసత్వ మాసంలో సముదాయానికి చెందనివారిని వేదిక ఎక్కిస్తే, వెనక వరుసలో కూర్చున్న విద్యార్థికి ఏమనిపిస్తుంది? మనవాళ్లలో ఎవరూ దొరకలేదా అనిపించదా?

ఎడారిమల్లె:

ఆ ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఇది: వేదికపై కనిపించే వ్యక్తి ఎవరన్నది విద్యార్థికి ఒక సాయంత్రం గుర్తుంటుంది, తనకు పట్టా ఇప్పించిన వ్యవస్థ జీవితాంతం పనికొస్తుంది. అయితే 31 ఏళ్లు ఒకరే ఉన్నచోట సముదాయం నుంచి తర్వాతి నాయకులు తయారయ్యారా లేదా అన్నది కూడా సంఘం అడగాల్సిన ప్రశ్నేనని ఒప్పుకుంటాను.

గణాంకప్రియ (హైదరాబాద్):

ఉన్నత విద్యా విధానాలపై పరిశోధన చేస్తున్నాను. పేర్లకంటే ముందు కొలమానం తేల్చుకోవడం మంచిది.

25 శాతం గీత దాటడం చాలావరకు ఆ ప్రాంతపు జనాభా వల్ల జరిగేది. చుట్టుపక్కల జనాభా మారితే, ఏ ప్రత్యేక శ్రద్ధా చూపకపోయినా కళాశాలకు ఆ గుర్తింపు వచ్చి పడుతుంది. దానికి నాయకుడిని సత్కరించడం, వాన కురిసినందుకు ఊరి సర్పంచికి దండ వేసినట్టు ఉంటుంది. సరిటా బ్రౌన్, డెబొరా శాంటియాగో 2004లో వాషింగ్టన్‌లో నెలకొల్పిన 'ఎక్సెలెన్సియా ఇన్ ఎడ్యుకేషన్' సంస్థ ఈ కారణంగానే, ఎంతమంది చేరారన్న దానితో ఆగకుండా ఎంతమంది నిలిచారు, ఎంతమంది పట్టా పుచ్చుకున్నారు, దానికోసం సంస్థ నాయకత్వం ఏ పద్ధతులు మార్చింది అని అడుగుతుంది. అన్ని ఆధారాలూ చూపినవారికి 2019 నుంచి ఒక ముద్ర కూడా ఇస్తోంది. నిజానికి సన్మానానికి అర్హుల జాబితా వెతకాలంటే నేనైతే ఆ ఇద్దరినే మొదట చూస్తాను. ప్రశంసను ఆధారాలతో ముడిపెట్టింది వారే.

కాని ఒక హెచ్చరిక. పట్టా శాతాన్ని ఒక్కదాన్నే కొలబద్ద చేస్తే, ఆ శాతం పెంచుకోవడానికి కళాశాలలకు అన్నిటికంటే సులువైన మార్గం బలహీన విద్యార్థిని గేటు దగ్గరే ఆపేయడం. పైగా అమెరికాలో అధికారికంగా ఎక్కువగా చెప్పుకునే ఆరేళ్ల పట్టా శాతం, మొదటిసారి పూర్తికాలానికి చేరినవారినే లెక్కిస్తుంది. కమ్యూనిటీ కళాశాలలో రెండేళ్లు చదివి మధ్యలో వచ్చి చేరినవారు, ఉద్యోగం చేసుకుంటూ సగంకాలం చదివేవారు ఆ లెక్కలో కనబడరు. హిస్పానిక్ విద్యార్థుల్లో అలాంటివారే అనేకులు. నటాలిసియో ఈ లెక్కింపు పద్ధతిని బహిరంగంగానే విమర్శించేవారు, ఎందుకంటే ఆమె విశ్వవిద్యాలయపు శాతం తక్కువగా కనిపించేది. సంఘం పట్టాల సంఖ్యను, శాతాన్ని, చేర్చుకున్నవారి ఆర్థిక స్థితిని మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఈ లెక్కన ఎడ్వార్డో పద్రోన్ బలంగా నిలుస్తారు. 1961లో 15 ఏళ్ల వయసులో క్యూబా నుంచి శరణార్థిగా వచ్చి, మయామిలోని జూనియర్ కళాశాలలో (అప్పట్లో రెండేళ్ల పట్టాలిచ్చేది, ఇప్పటి మయామి డేడ్ కళాశాల) చేరి, అర్థశాస్త్రంలో డాక్టరేటు చేసి, తాను చదివిన ఆ కళాశాలకే 1995 నుంచి 2019 వరకు అధ్యక్షుడిగా ఉన్నారు. రెండేళ్ల పట్టాలకే పరిమితమైన ఆ కళాశాల ఆయన హయాంలో నాలుగేళ్ల డిగ్రీలూ ఇవ్వడం మొదలుపెట్టింది. హిస్పానిక్ విద్యార్థులకు పట్టాలిచ్చే సంఖ్యలో మయామి డేడ్ కళాశాల దేశంలోనే ముందు వరుసలో ఉంది. 2016లో ఆయనకూ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ వచ్చింది.

కింగ్స్‌విల్‌పాతకాపు (డల్లాస్):

మన తెలుగువాళ్లు ఈ చర్చను ఎవరిదో సంగతి అనుకోకూడదని రెండు మాటలు చెబుతాను. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ కింగ్స్‌విల్‌లో ఎం.ఎస్. చేసిన తెలుగువారు ఎంతమందో ఇక్కడ అందరికీ తెలుసు. ఆర్లింగ్టన్, హ్యూస్టన్ విశ్వవిద్యాలయాల్లోనూ అంతే. ఇవన్నీ పైన చెప్పిన హిస్పానిక్ గుర్తింపు ఉన్న సంస్థలే. 1925లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలగా మొదలైన కింగ్స్‌విల్ ప్రాంగణంలో డిగ్రీ విద్యార్థుల్లో అత్యధికులు దక్షిణ టెక్సాస్ మెక్సికన్ కుటుంబాల పిల్లలు. విదేశీ విద్యార్థులమైన మనం ఆ 25 శాతం లెక్కలోకి రాకపోయినా, ఆ గుర్తింపు వల్ల వచ్చే సమాఖ్య నిధులతో కట్టే ప్రయోగశాలలు, నడిపే శిక్షణ కేంద్రాలు ప్రాంగణంలోని అందరికీ అందుబాటులో ఉంటాయి. వాటి వెనక 1986 నుంచి పనిచేసినవారున్నారని నాకు చదివే రోజుల్లో ఎవరూ చెప్పలేదు. హ్యూస్టన్ విశ్వవిద్యాలయాన్ని 2008 నుంచి నడిపిస్తున్న రేణు ఖటోర్ ఉత్తరప్రదేశ్‌లో పుట్టినవారు. సముదాయం బయటివారు పనిచేయగలరా అన్న పంతులు గారి సందేహానికి ఇదీ ఒక ఉదాహరణే.

ముంజేతికంకణం (బ్రౌన్స్‌విల్, టెక్సాస్):

ఇంత చర్చ జరిగినా జూలియెట్ గార్సియా పేరు రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 1986లో టెక్సాస్ సౌత్‌మోస్ట్ కళాశాలకు అధ్యక్షురాలై, అమెరికాలో ఒక కళాశాలకు అధిపతి అయిన తొలి మెక్సికన్ అమెరికన్ మహిళగా నిలిచారు. మొదటివారన్న కారణం చాలదు అంటున్నారు కదా, తర్వాత ఏం చేశారో చెబుతాను.

దేశంలోనే అతి పేద ప్రాంతాల్లో ఒకటైన ఈ రియో గ్రాండే లోయలో, కమ్యూనిటీ కళాశాలకూ విశ్వవిద్యాలయానికీ మధ్య ఉండే గోడను ఆమె తీసేయించారు. విద్యార్థి ఒకే ప్రాంగణంలో చేరి, మళ్లీ దరఖాస్తు, మళ్లీ బదిలీ పత్రాలు లేకుండా రెండేళ్ల పట్టా నుంచి మాస్టర్స్ దాకా వెళ్లేలా సౌత్‌మోస్ట్ కళాశాలను, బ్రౌన్స్‌విల్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయాన్ని 1990ల ఆరంభంలో జోడించారు. బదిలీ దగ్గరే ఎక్కువమంది హిస్పానిక్ విద్యార్థులు జారిపోతారని తెలిసినవారికి ఈ ఏర్పాటు విలువ అర్థమవుతుంది. 2008లో సరిహద్దు కంచె ప్రాంగణాన్ని చీల్చుకుంటూ పోతుందని సమాఖ్య ప్రభుత్వం పత్రాలు పంపినప్పుడు, సర్వేకు అనుమతించే సంతకం ఆమె పెట్టలేదు. విషయం కోర్టుకు వెళ్లింది. చివరికి విశ్వవిద్యాలయం తన కంచెనే పటిష్ఠం చేసుకుంటే చాలన్న ఒప్పందం కుదిరింది. 2022లో ఆమెకూ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చారు.

ఇక కష్టమైన భాగం. ఆ జోడింపు 2010ల ఆరంభంలో విడిపోయింది. బ్రౌన్స్‌విల్ విశ్వవిద్యాలయాన్ని, ఎడిన్‌బర్గ్‌లోని పాన్ అమెరికన్ విశ్వవిద్యాలయాన్ని కలిపి కొత్తగా రియో గ్రాండే వ్యాలీ విశ్వవిద్యాలయం ఏర్పరచాలని 2013లో చట్టం చేశారు. అది 2015లో తెరుచుకుంది. ఆమె నిర్మించినది ఆ రూపంలో ఇవాళ లేదు. అయితే విలీనం వల్ల, చమురు భూముల ఆదాయంతో నడిచే శాశ్వత విశ్వవిద్యాలయ నిధిలో ఈ లోయకు మొదటిసారి వాటా దక్కింది, వైద్య కళాశాలా వచ్చింది. ఇవేవీ లేకుండా దశాబ్దాలు గడిపిన ప్రాంతమిది. నిర్మించిన సంస్థ పేరు మారినా, ఆ పునాది మీదే తర్వాతిది లేచిందని ఇక్కడివారిలో చాలామంది నమ్మకం. నాదీ అదే.

గణాంకప్రియ:

ముంజేతికంకణం గారూ, మీ ఉదాహరణ వల్ల నా పట్టికలో ఒక నిలువు గడి పెరిగింది: నాయకుడు దిగిపోయాక అయిదారేళ్లకు అక్కడ విద్యార్థుల పరిస్థితి ఏమిటి? ఇది చూడాలంటే పదవిలో ఉన్నవారిని వెంటనే సత్కరించే అలవాటు మానుకోవాలి.

నలభైరెండోవీధి:

పూర్తిగా మానుకోనక్కరలేదనుకుంటాను. మిల్డ్రెడ్ గార్సియా 2023 అక్టోబరులో కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయ వ్యవస్థ పగ్గాలు చేపట్టారు, ఆ వ్యవస్థకు తొలి లాటినా ఛాన్సలర్. బ్రూక్లిన్‌లోని ప్యూర్టో రికన్ కుటుంబంలో పుట్టి, కమ్యూనిటీ కళాశాలతో మొదలుపెట్టినవారు. అలాంటివారిని ప్రసంగానికి పిలవండి. పురస్కారం మాత్రం ఆగి ఇవ్వండి. రెండూ ఒకే కార్యక్రమంలో కుదురుతాయి.

శేషలెక్క (హ్యూస్టన్):

అధ్యక్షులూ ఛాన్సలర్ల చుట్టూనే తిరుగుతున్నాం. అమెరికాలో డిగ్రీ విద్యార్థుల్లో ఐదో వంతు హిస్పానిక్‌లు, పూర్తికాల అధ్యాపకుల్లో వారు 6 శాతం దగ్గరే. డాక్టరేటు దాకా చేయిపట్టుకుని నడిపించేది మార్గదర్శకుడైన ఆచార్యుడే తప్ప ఛాన్సలర్ కాదు. రైస్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన రిచర్డ్ టాపియా మెక్సికో నుంచి వలస వచ్చిన దంపతుల కుమారుడు, లాస్ ఏంజెలెస్‌లో కమ్యూనిటీ కళాశాలతో చదువు మొదలుపెట్టినవారు. 1992లో జాతీయ ఇంజనీరింగ్ అకాడమీకి ఎన్నికైన తొలి హిస్పానిక్. ఆయన దగ్గర గణితంలో డాక్టరేటు చేసినవారిలో మహిళలు, మైనారిటీ సముదాయాలవారు ఎందరో ఉన్నారు. కంప్యూటింగ్ రంగంలో వైవిధ్యం కోసం 2001 నుంచి జరుగుతున్న సదస్సుకు ఆయన పేరే పెట్టారు. బతికుండగానే, ఏటా కొత్త విద్యార్థులను ఒకచోట చేర్చే రూపంలో గౌరవించడం నాకు పతకం కంటే నచ్చింది. పంతులు గారు చెప్పిన గ్రంథాలయానికి ఇది దగ్గరిది.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. నలభైరెండోవీధి గారు అడిగిన దానికి జవాబు: మా నియమాల్లో 'వ్యక్తి' అని మాత్రమే ఉంది. దాన్ని 'వ్యక్తి లేదా బృందం' అని మార్చాలని సంఘంలో ప్రతిపాదిస్తాను. నామినేషన్ పత్రంలో పదవుల జాబితా ఒక పేరాకు కుదించి, మిగతా చోటంతా మూడు ప్రశ్నలకు ఇవ్వాలనుకుంటున్నాను: ఏ అడ్డంకిని తొలగించారు, దానివల్ల ఏ తరహా విద్యార్థులు పట్టా దాకా వెళ్లారు, వారు వెళ్లిపోయాక ఆ ఏర్పాటు కొనసాగుతోందా. సముదాయానికి చెందినవారా కాదా అన్నది అర్హతగా పెట్టను. అయితే వరుసగా రెండేళ్లు బయటివారికే ఇవ్వకూడదన్న నియమం పెడితే పంతులు గారికి సమ్మతమే అనుకుంటాను.

ఒక ఇబ్బంది కూడా ఉంది. టెన్నెసీ రాష్ట్రం ఈ హిస్పానిక్ సంస్థల పథకం రాజ్యాంగానికి విరుద్ధమని 2025లో దావా వేసింది. ఆ ఏడాది సెప్టెంబరులో సమాఖ్య విద్యాశాఖ, మైనారిటీలకు సేవలందించే పలు రకాల సంస్థలకు తన విచక్షణతో ఇచ్చే గ్రాంట్లను, మొత్తం మీద సుమారు 35 కోట్ల డాలర్లు, నిలిపేసింది. మా శిక్షణ కేంద్రంలో పనిచేసేవారి జీతాలు ఇలాంటి గ్రాంట్ల మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ స్థితిలో విందు పెట్టి జ్ఞాపిక ఇవ్వడం బాగుంటుందా అని సంఘంలో కొందరు అడుగుతున్నారు.

పాతపంతులు:

రెండేళ్ల నియమం నాకు సమ్మతమే. విందు సంగతికొస్తే, సన్మానాన్ని మానకండి, ఖర్చును మార్చండి. మా జిల్లాలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు కొందరు శాలువాలు వద్దని చెప్పి, ఆ డబ్బు బడికి పరీక్ష ఫీజుల కింద కట్టించుకున్నారు. మీరు కూడా సన్మానితుల పేరు మీద అత్యవసర సాయనిధి ఒకటి తెరవవచ్చు.

ఎడారిమల్లె:

అది బాగా పనిచేస్తుంది. కారు చెడిపోయో, అద్దె కట్టలేకో, చివరి సెమిస్టరులో కొద్ది డాలర్ల బకాయి ఉండిపోయో చదువు ఆపేసేవారు ఇక్కడ చాలామంది. నిధికి దరఖాస్తు ఒక పేజీ మించకుండా, డబ్బు వారంలోపు అందేలా చూడండి. పాంతోహా పేరుతో మొదలుపెడితే ఆమె ఆస్పీరాలో చేసిన పనికీ పొంతన కుదురుతుంది.

కృష్ణాతీరం:

సంఘం సమావేశం వచ్చే గురువారం ఉంది. పత్రం ముసాయిదాను అంతకుముందే ఇక్కడ పెడతాను. గణాంకప్రియ గారు పట్టికలోని గడులను, ముఖ్యంగా బదిలీ విద్యార్థుల లెక్కను, ఒకసారి సరిచూసి పెట్టగలరా?

గణాంకప్రియ:

తప్పకుండా. సగంకాలం చదివేవారికి ఆరేళ్లకు బదులు ఎనిమిదేళ్ల గడువు పెట్టండి, మిగతాది ముసాయిదా చూశాక చెబుతాను.